హారం దొంగలు

ముందుగా ఒక శుభవార్త. ఈ వ్యాసం చివరిదాకా చదివినవారికి శాతాల చేతిలో మోసపోయే ప్రమాదం 50 శాతం తగ్గుతుంది. ఎంతలో యాభై అని మాత్రం అడక్కండి. ఆరోగ్య వార్తల లోకంలో అలా అడిగే ఆనవాయితీ లేదు. గుండెపోటు ముప్పు సగానికి సగం తగ్గింది అనగానే చప్పట్లు కొట్టాలి. క్యాన్సర్ ముప్పు రెట్టింపైంది అనగానే గుండెలు బాదుకోవాలి. సగం దేంట్లో, రెట్టింపు దేనికి అన్నది పెద్దల వ్యవహారం, మనకెందుకు?

భిన్నానికి పైన లవం, కింద హారం ఉంటాయని చిన్న తరగతుల్లోనే చెప్పారు. ఆ కిందిదాన్ని చప్పుడు కాకుండా తెంపుకుపోయే ముఠా ఒకటి ఏళ్ల తరబడి తిరుగుతోంది. పోయింది బంగారం కాదు గనక కేసు పెట్టేవాడు లేడు. హారం పోయాక మిగిలిన మొండి అంకెకు పక్కన శాతం గుర్తు తగిలించి ప్రెస్‌నోట్ తయారుచేస్తారు. పొద్దున్నే కాఫీతోపాటు మనం తాగేది అదే.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి మందుల భద్రతా కమిటీకి ఉన్నట్టుండి ఒక సత్యం తెలిసింది. మూడో తరం గర్భనిరోధక మాత్రలు వేసుకునే స్త్రీలకు రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతోందట. రెట్టింపు అంటే నూటికి నూరు శాతం పెరుగుదల. వెంటనే డాక్టర్లూ ఫార్మసిస్టులూ ఆరోగ్యాధికారులూ కలిపి 1,90,000 మందికి లేఖలు పోయాయి. లేఖలు అందేలోపే టీవీలు అందుకున్నాయి. మాత్రల అట్ట సగంలో ఉండగానే ఆపేసినవాళ్లు ఎందరో.

ఇంతకీ ఆ రెట్టింపు కథ ఇదీ. అంతకుముందు తరం మాత్రలు వేసుకునే 7,000 మందిలో ఒకరికి గడ్డకడుతుండేది. కొత్తరకం వేసుకునే 7,000 మందిలో ఇద్దరికి కడుతోంది. ఒకటి రెండయింది. అబద్ధమంటూ ఒక్క ముక్క లేదు. మిగిలిన 6,998 మంది సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే. వాళ్లేమో తమనే ఆ ఇద్దరిలో లెక్కేసుకున్నారు.

ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా జరిగిన గర్భస్రావాలు దాదాపు 13,000. అంతకుముందు ఏళ్లలో తగ్గుతూ వస్తున్న సంఖ్య అది. ఆ నూరు శాతం దెబ్బకు మళ్లీ పైకి లేచింది. పదహారేళ్లు నిండని పిల్లల్లోనే వందల సంఖ్యలో అదనపు గర్భాలు. ప్రభుత్వ ఖజానాకు కోట్ల పౌండ్ల చమురు వదిలింది. అన్నిటికీ మించిన వింత ఏమిటంటే, రక్తం గడ్డకట్టే ముప్పు మాత్ర వేసుకున్నప్పటికన్నా గర్భంతో ఉన్నప్పుడే ఎక్కువ. ఏడువేల మందిలో ఒకరిని కాపాడబోయి వేలమందిని అంతకన్నా పెద్ద ముప్పులోకి తోశారు. ఈ ఘనకార్యం చేసింది ఏ నాటువైద్యుడో కాదు, ఒక దేశపు మందుల భద్రతా కమిటీ. ఆ లేఖలో '7,000 మందిలో ఒకరికి బదులు ఇద్దరు' అని రాయడానికి ఎంత సిరా ఖర్చయ్యేదో వాళ్లే చెప్పాలి.

భయపెట్టడానికి రెట్టింపు పనికొచ్చినట్టే, అమ్ముకోవడానికి తగ్గింపు పనికొస్తుంది. లిపిటార్ అనే కొలెస్టరాల్ మాత్ర చాలాకాలం ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన మందు. 2007 ప్రాంతంలో అమెరికా పత్రికల్లో దాని ప్రకటన ఒకటి వచ్చింది. నిలువెత్తు అక్షరాల్లో, గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గుతుందని. 36 పక్కన బుజ్జి నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రాన్ని పట్టుకుని కిందికి దిగితే, కళ్లద్దాలు ఉన్నవాళ్లకు కూడా కష్టమయ్యే అక్షరాల్లో అసలు సంగతి: పెద్ద అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 3 శాతం మందికి గుండెపోటు వచ్చింది, లిపిటార్ వేసుకున్నవారిలో 2 శాతం మందికి వచ్చింది.

మూడు రెండయితే 33 కదా, 36 ఎక్కడిదని లెక్కల మాస్టార్లు అడగవచ్చు. అసలు అంకెలు 3.0, 1.9. తగ్గింపు చెప్పాల్సినచోట దశాంశాలు కూడా వదలకుండా పిండుకున్నారు, తగ్గింపు బయటపడేచోట గుండ్రంగా చెప్పేశారు. పదివేల పైచిలుకు మందితో జరిగిన ఆ అధ్యయనం సగటున మూడేళ్ల చిల్లర నడిచింది. అంటే వందమంది మూడేళ్లకు పైగా రోజూ మాత్ర మింగితే ఒకరికి గుండెపోటు తప్పింది. 97 మందికి మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా గుండెపోటు రాదు, ఇద్దరికి వేసుకున్నా వచ్చింది. ఆ ఒక్కరి ప్రాణం తక్కువదేమీ కాదు. కానీ ఆ ఒక్కరు నేనే అన్న నమ్మకం ఇచ్చేది మాత్రం ఆ పెద్ద అక్షరాల 36.

ఆ ప్రకటనలో కృత్రిమ గుండెను తయారుచేసిన రాబర్ట్ జార్విక్ కనిపించేవాడు. టీవీ ప్రకటనలో ఆయన సరస్సు మీద పడవ నడుపుతూ ఉంటాడు. తీరా చూస్తే ఆ పడవ నడిపింది ఆయన కాదు, డూప్. ఆయనకు వైద్య పట్టా ఉంది గానీ రోగులను చూసే లైసెన్సు లేదు. అమెరికన్ కాంగ్రెస్ కమిటీ కూపీ లాగడంతో 2008 ఫిబ్రవరిలో కంపెనీ ప్రకటన ఆపేసింది. గమనించండి, ఆగింది పడవలో డూప్ ఉన్నందుకు. 3 నుంచి 2కి తగ్గిన చోట 36 అనే డూప్‌ను నిలబెట్టినందుకు కాదు. అది చట్టబద్ధం. కింద నక్షత్రం ఉంది కదా!

ఇది చదివి ఎవరూ గుండె మాత్రలు చెత్తబుట్టలో పడేయకండి. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి, మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఇరవై ఉందనుకుందాం, అదే 36 శాతం అక్కడ ఏడుగురిని కాపాడుతుంది. వందకు మూడే ఉన్నచోట ఒకరిని, వెయ్యికి మూడున్నచోట వెయ్యిమందిలో ఒకరిని. శాతం మారలేదు, మాత్ర మారలేదు, ధర మారలేదు. మారింది హారంలో ఉన్న మనుషులు. అందుకే దాన్ని దాచేది.

ముఠా తెలివి అసలు బయటపడేది లాభనష్టాలు పక్కపక్కన చెప్పాల్సి వచ్చినప్పుడు. పాతకాలపు షావుకారు కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి వాడేవాడు కదా, అచ్చం అలాగే. మందువల్ల లాభమా? '50 శాతం తగ్గింపు.' మందువల్ల హానియా? 'పదివేల మందిలో అయిదుగురికి మాత్రమే.' లాభానికి సాపేక్షం, అంటే పోలిక శాతం; హానికి పరమం, అంటే ఇంతమందిలో ఇందరని విడి లెక్క. రెండు రాళ్లూ ఒకే కొట్టులో, ఒకే కాగితం మీద. ఇది మందుల కంపెనీ కరపత్రాల జబ్బే అనుకుంటే పొరపాటు. బీఎంజే, జామా, లాన్సెట్ వంటి మహామహా వైద్య పత్రికలను జల్లెడ పట్టినవాళ్లకు, లాభాన్నీ హానినీ రెండింటినీ చెప్పిన వ్యాసాల్లో మూడింట ఒకటి ఇలా రెండు రాళ్లతో తూచిందని తేలింది. అచ్చుకు ముందు ఆ వ్యాసాలు సమీక్షకుల చేతుల మీదుగానే వెళ్లాయి. సమీక్షకులు బహుశా నక్షత్రాలు లెక్కపెడుతూ ఉండి ఉంటారు.

అక్టోబరు రాగానే ఊరంతా గులాబీ రిబ్బన్లు కడతారు. రొమ్ము క్యాన్సర్ మరణాలు మామోగ్రఫీతో 20 శాతం తగ్గుతాయని బోర్డులు. యాభై దాటిన వెయ్యిమంది స్త్రీలు పదేళ్లపాటు పరీక్ష చేయించుకోకపోతే అయిదుగురు ఆ క్యాన్సర్‌తో చనిపోతారు, చేయించుకుంటే నలుగురు అని లెక్క తేల్చినవాళ్లున్నారు. అయిదు నాలుగైతే 20 శాతమే, కాదనలేం. కానీ ఆ వెయ్యిమందిలో ఎందరికి లేని జబ్బు ఉందని భయపెట్టి సూదిగుచ్చి ముక్క తీస్తారో బోర్డు మీద ఉండదు. పరీక్ష వద్దని చెప్పడం కాదు, అయిదు నాలుగయిందని చెబితే ఆడవాళ్లకు అర్థం కాదా?

డాక్టర్లకు తెలియదా అంటారు. 1992లో కెనడాలో దీన్నే పరీక్షించి చూశారు. ఒకే ప్రయోగం, ఒకే ఫలితం. కొందరు డాక్టర్లకు ముప్పు ఇంత శాతం తగ్గింది అని చూపించారు, కొందరికి ఇంతమందికి మందిస్తే ఒకరు బయటపడతారు అని చూపించారు. మొదటి గుంపుకు మందు మహత్తరంగా కనిపించింది, రెండో గుంపుకు ఫర్వాలేదనిపించింది. ఆ రెండో రకం లెక్కను, అంటే ఒకరికి మేలు జరగాలంటే ఎందరికి మందివ్వాలి అన్నదాన్ని, లపాకిస్, సాకెట్, రాబర్ట్స్ అనే ముగ్గురు 1988లోనే ప్రతిపాదించారు. అయినా మెడికల్ రెప్రజెంటేటివ్ నిగనిగలాడే కరపత్రంలో దాన్ని మీరెప్పుడైనా చూశారా? కరపత్రానికి తోడు ఒక పెన్ను, ఒక క్యాలెండరు ఇస్తే డాక్టరుగారికీ గుర్తుకు రాదు.

ఇంతవరకూ సాపేక్షాన్ని తిట్టాను కదా, పరమమే పరమార్థమని తేల్చేస్తారేమో. అక్కడా దొంగలున్నారు. 2020 చివర్లో ఫైజర్ కొవిడ్ టీకా 95 శాతం పనిచేస్తుందని ప్రకటించారు. టీకా వేసుకున్న 18 వేల పైచిలుకు మందిలో 8 మందికి, ఉత్తుత్తి సూది వేసుకున్న మరో 18 వేల పైచిలుకు మందిలో 162 మందికి జబ్బు వచ్చింది. వెంటనే టీకా వ్యతిరేకులు హారం జెండా ఎత్తుకున్నారు. '95 కాదు, అసలు తేడా 0.84 శాతమే! దీనికా ఇంత గోల?' లెక్క తప్పు కాదు. తప్పేమిటంటే ఆ అధ్యయనం అప్పటికి నడిచింది సగటున రెండు నెలలు. మనుషులు మాస్కులు కట్టుకుని ఇళ్లలో కూర్చున్న రెండు నెలల్లో వందకు ఒకరికి జబ్బు రాలేదని, జబ్బు ఊరంతా పాకే రెండేళ్లకూ అదే తేడా అంటే ఎలా? అక్కడ దాచింది మనుషులను కాదు, కాలాన్ని. వాట్సాప్‌లో ఆ 0.84ను చక్కర్లు కొట్టించినవారిలో చాలామంది మాత్రం, 1995 నాటి కమిటీలాగే, ఒక్క అబద్ధమూ ఆడలేదు.

మన హైదరాబాదు టీకా సంగతి చెప్పుకుందాం. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కొవాగ్జిన్ మూడో దశ ఫలితాలు 2021 మార్చిలో మొదటిసారి బయటికొచ్చాయి. 81 శాతం. అప్పటికి మొత్తం కేసులు 43. ఉత్తుత్తి సూది గుంపులో 36, టీకా గుంపులో 7. తర్వాత 78 అన్నారు, జులైలో 77.8 అన్నారు. టీకా బలహీనపడిందేమోనని కొందరికి దిగులు పట్టుకుంది. 36, 7 అనే రెండు అంకెలను చేతిలో పట్టుకుని చూడండి. టీకా గుంపులో ఇంకొక్క మనిషి, ఒకే ఒక్క మనిషి దగ్గి ఉంటే 7 కాస్తా 8 అయ్యేది. 81 కాస్తా 78 దగ్గరికి వచ్చేది. ఒక దగ్గుకు మూడు శాతం! చివరి లెక్కలో టీకా వేసుకున్న 8,471 మందిలో 24 మందికి, వేసుకోని 8,502 మందిలో 106 మందికి జబ్బు వచ్చింది. ఇంత చక్కటి నాలుగు అంకెలుండగా, వాటిని మింగి 77.8 అని తేన్చిన శీర్షికలే ఎక్కువ.

ఇక శాతాలకు అధిపతి. 2025లో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ మందుల ధరలు 1,000 శాతం, 1,200 శాతం, 1,500 శాతం తగ్గిస్తామని పలుమార్లు సెలవిచ్చారు. నూరు శాతం తగ్గితే మందు ఉచితం. అంతకు మించి తగ్గాలంటే దుకాణదారే ఎదురు చెల్లించాలి. డాలస్‌లో ఉన్న మన తెలుగు కుర్రాడు ఒకడు నాన్నగారి బీపీ మాత్రల కోసం ఫార్మసీకి వెళ్లాడనుకోండి, కౌంటర్‌లో మనవాడే ఉన్నాడనుకోండి.

"అన్నా, ఈ మాత్రలెంత?"

"వంద డాలర్లవి తమ్ముడూ. వెయ్యి శాతం తగ్గాయిగా, నేనే నీకు తొమ్మిది వందలివ్వాలి. ఇదిగో."

"రెండు డబ్బాలివ్వన్నా. మా మామయ్యకు కూడా బీపీ ఉంది."

"మీ వీధిలో ఇంకెవరికీ లేదా?"

నవ్వుకోవడం సులువే. కానీ ఆ వెయ్యి శాతం వెనక ఒక చిల్లర గారడీ ఉంది, దాన్ని మన పరిశోధకులూ వాడతారు. 10 ఉన్నది 100 అయితే 900 శాతం పెరిగింది. ఆ 100 తిరిగి 10 అయితే తగ్గింది 90 శాతమే. ఎక్కిన మెట్లూ దిగిన మెట్లూ అవే, పునాది మారింది. పెరుగుదలకు ఆకాశమే హద్దు, తగ్గుదలకు నూరే హద్దు. అందుకే భయపెట్టేవాడు ఎప్పుడూ పెరుగుదలనే చెబుతాడు. ట్రంప్‌గారు తగ్గుదలకు కూడా ఆకాశాన్నే హద్దు చేశారు, అంతే తేడా.

పెరుగుదల అసలు మందులోనో జబ్బులోనో కాక కొలిచే చేతిలో ఉంటే? దక్షిణ కొరియా ఈ ప్రయోగాన్ని దేశమంతా చేసి చూపించింది. 1999లో అక్కడ జాతీయ క్యాన్సర్ పరీక్షల పథకం మొదలైంది. థైరాయిడ్ ఆ పథకంలో లేదు. అయితేనేం, ఎలాగూ వచ్చారుగా, కొంచెం ఎక్కువిస్తే మెడకు కూడా స్కాన్ చేస్తామన్నారు ఆసుపత్రులవాళ్లు. జనం సరే అన్నారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదిలోనే 40 వేల మందికి పైగా థైరాయిడ్ క్యాన్సర్ రోగులయ్యారు. దేశాన్ని అణుబాంబు తాకిందా, నీళ్లలో విషం కలిసిందా? ఏమీ లేదు. ఆ వ్యాధితో చనిపోతున్నవారి రేటు పెరగలేదు, తగ్గలేదు. వేరే కారణాలతో చనిపోయినవారి మెడలు పరీక్షించి చూస్తే పెద్దవాళ్లలో కనీసం మూడోవంతు మందికి జీవితాంతం చడీచప్పుడు లేకుండా పడి ఉండే బుల్లి థైరాయిడ్ కణితులు ఉంటాయి. వెతికితే దొరుకుతాయి, ఎంత వెతికితే అన్ని.

దొరికినవారికి కోత తప్పలేదు. మూడింట రెండువంతుల మందికి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఇక జీవితాంతం రోజూ మాత్ర. కొందరికి కాల్షియం అదుపు తప్పింది, నూటికి ఇద్దరికి స్వరతంత్రులు చచ్చుబడ్డాయి. 2014లో కొందరు డాక్టర్లు ధైర్యం చేసి ఈ స్కాన్లు ఆపండని బహిరంగంగా చెబితే ఏడాది తిరక్కుండా కేసులు 30 శాతం, ఆపరేషన్లు 35 శాతం పడిపోయాయి. ఏ మందూ వాడకుండా క్యాన్సర్‌ను తగ్గించిన ఆ డాక్టర్లకు నోబెల్ ఎందుకివ్వలేదో.

మన నగరాల్లో పండగ ఆఫర్ల మాస్టర్ హెల్త్ చెకప్ హోర్డింగుల కింద నిలబడి ఈ కథ గుర్తుచేసుకోవచ్చు. మొన్న ఒక ల్యాబ్ రిపోర్టు చూశాను. ఎవరిదో ముఖ్యం కాదు, ఏ ల్యాబ్ అన్నది అంతకన్నా ముఖ్యం కాదు. కొలెస్టరాల్ 203 దగ్గర నల్లటి లావు అక్షరం, పక్కన పైకి చూసే బాణం. హద్దు 200. మూడు పాయింట్ల నేరం. అదే మనిషి రక్తాన్ని రెండు వారాల తర్వాత తీస్తే 195 రావచ్చు, 212 రావచ్చు. ఏ మార్పూ లేకుండానే ఒంట్లో ఈ అంకెలు ఊగుతుంటాయి. ఆ ఊగులాటకు హద్దు ఎంతో రిపోర్టులో వేసే ఆచారం లేదు. బాణం వేసే ఆచారం ఉంది. బాణం చూసిన ఇంటావిడ నెయ్యి డబ్బా అటక మీద పెట్టేసింది. రెండు వారాల తర్వాత 195 వస్తే ఆ కీర్తి అటకదే.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసం తగ్గుతుందని ఇచ్చే చేప ప్రసాదం కోసం బారులు తీరేవారి సంగతీ ఇంతే. ఉబ్బసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. మరీ పెరిగినప్పుడే మనిషి రైలెక్కి వస్తాడు. అక్కణ్నుంచి ఎటు పోయినా చాలావరకు కిందికే. దిగిన ప్రతి మెట్టూ చేప ఖాతాలో. మెట్టు దిగనివాళ్లు మరుసటి ఏడు రారు గనక లెక్కలోకీ రారు. తెల్లకోటు వేసుకున్నవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు, తర్వాత తమ షుగర్ క్లినిక్ బోర్డు మీద 'మా రోగుల్లో 80 శాతం మందికి తగ్గింది' అని రాయించుకుంటారు.

బతికిన శాతం అని ఇంకో వరం ఉంది. 2007లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన రూడీ జూలియానీ, ప్రోస్టేట్ క్యాన్సర్ నుంచి బయటపడే అవకాశం అమెరికాలో 82 శాతం, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యం కింద 44 శాతమే అని గొప్పలు పోయాడు. వీటిని అయిదేళ్లు బతికినవారి లెక్కలుగా చూపారు. అదే జబ్బుతో లక్ష మందిలో ఎందరు చనిపోతున్నారని చూస్తే రెండు దేశాలూ దాదాపు సమానం. 72వ ఏట జబ్బు బయటపడి 75లో పోయినవాడు అయిదేళ్లు బతకనట్టు. అదే మనిషికి 66లోనే పరీక్ష చేసి చెప్పేసి ఉంటే, పోయేది 75లోనే అయినా, అయిదేళ్లు బతికిన ఘనుడు. ఆయనకు దక్కిన అదనపు ఆయుష్షు సున్నా, అదనపు దిగులు ఆరేళ్లు.

ఇక మన ప్రభుత్వాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015–16లో 58.6 శాతం, 2019–21లో 67.1 శాతం. పెరిగింది 8.5 శాతం పాయింట్లు అంటారు ఒకరు, 14.5 శాతం అంటారు ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే, ఎవరు అధికారంలో ఉంటే వాళ్లకు చిన్న అంకె ప్రీతి. కానీ గొడవ అంకె మీద కాదు, రక్తం చుక్క మీద. సర్వేలో వేలి చివర పొడిచి చుక్క తీసి చిన్న యంత్రంలో పెట్టేవారు. వేలిని పిండితే రక్తంతోపాటు కండలోని నీరూ వస్తుంది, చుక్క పలచబడుతుంది, లేని రక్తహీనత కనిపిస్తుందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. 2016–18లో నరం నుంచి రక్తం తీసి చేసిన మరో జాతీయ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో తేలింది 41 శాతమే. వయసులో, కాలంలో కాస్త తేడా ఉందనుకున్నా, 67 ఎక్కడ, 41 ఎక్కడ? అందుకని ఆరో సర్వేలో రక్తహీనత పరీక్షనే ఎత్తేశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేరే సర్వే చేసి నరం రక్తంతో కొలుస్తుందన్నారు. మంచి పద్ధతే. కాకపోతే పాత కొలత ఆపి కొత్త కొలత మొదలుపెడితే, రేపు 67 కాస్తా 45 అయినప్పుడు పిల్లలు బాగుపడ్డారా, సూది మారిందా అని చెప్పడానికి పక్కపక్కన పెట్టి చూసే వీలుండదు. ఆ రోజు హోర్డింగ్ మీద సూది ఫొటో ఉండదు, ఎవరి ఫొటో ఉంటుందో మీకు తెలుసు. దీనికి తోడు 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లలోపు పిల్లలకు రక్తహీనత హద్దును డెసిలీటరుకు 11 గ్రాముల నుంచి 10.5కు దించింది. ఒక్క చెంచా పాలకూర తినకుండా ఎందరో పసిపిల్లలు రాత్రికి రాత్రి ఆరోగ్యవంతులయ్యారు.

కొవిడ్ మొదటి ఏడాదిలో పరీక్షలు తక్కువ చేస్తున్నారని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని మళ్లీ మళ్లీ నిలదీసింది గుర్తుందా? పరీక్షలు తగ్గితే కేసులు తగ్గుతాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్ పరీక్షలు విరివిగా చేసి కేసులు పెంచుకుంది. వెతికినవాడు దోషి, కళ్లు మూసుకున్నవాడు విజేత. ఆ రోజుల బులెటిన్లలో ఆదివారం సెలవు తర్వాత సోమవారం కేసులు తగ్గినట్టు కనిపించేది. ఆదివారం నాడు వైరస్ కూడా సెలవు తీసుకుంటుందని మనం నమ్మాం.

అంకెల మోసాలను బయటపెట్టిన పాత పుస్తకం ఒకటుంది, డారెల్ హఫ్ అనే పాత్రికేయుడు 1954లో రాసింది. శాతాల గారడీల్ని నవ్విస్తూ విప్పి చెప్పి లక్షల ప్రతులు అమ్ముకున్నాడు. తర్వాతి దశాబ్దంలో ఆయనే సిగరెట్ కంపెనీల సొమ్ముతో, పొగతాగడానికీ క్యాన్సర్‌కూ లంకె కలిపే లెక్కలన్నీ అనుమానాస్పదమని వాదించాడు. అమెరికన్ కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పాడు, ఇంకో పుస్తకం కూడా రాయబోయాడు. దొంగను పట్టే విద్య తెలిసినవాడికి దొంగతనం కూడా తెలుస్తుంది. సిగరెట్ విషయంలో సాపేక్ష లెక్కే నిజం చెప్పింది. తాగనివాళ్లతో పోలిస్తే ఎన్నో రెట్లన్న ఆ అంకే పొగాకును పట్టించింది. కాబట్టి ఫలానా లెక్క మంచిది, ఫలానా లెక్క చెడ్డది అనే సుఖం కూడా మనకు లేదు. రెండూ పెట్టమని అడగాలి.

కొత్తగా అడిగేదేమీ కాదిది. క్లినికల్ ప్రయోగాల ఫలితాలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ నియమావళి 2010లోనే చెప్పింది: అవును, కాదు అని తేలే ఫలితాలకు సాపేక్ష లెక్క, పరమ లెక్క రెండూ ఇవ్వండి అని. పరిశోధన పత్రం లోపలి పేజీల్లో అవి ఉంటున్నాయి కూడా. పోతున్నది పత్రం నుంచి ప్రెస్‌నోట్‌కు, ప్రెస్‌నోట్ నుంచి డెస్క్‌కు వచ్చే దారిలో.

అందుకని ఆరోగ్య వార్తలు దిద్దే సబ్ ఎడిటర్లకు ఒక విన్నపం. మందు వాడని వందమందిలో ఎందరికి, వాడిన వందమందిలో ఎందరికి, ఎన్నేళ్లలో, హాని ఎందరికి; ఇవి వార్తలో పడేలా చూడండి. చోటు చాలదంటారా, అయితే ఆ శాతాన్ని కోసేయండి.